నూటికి ఒకటిన్నర

నన్ను మోసగత్తె అన్నవాళ్ళు ఆ గదిలో పదకొండు మంది. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ అంకె తప్పకుండా చెప్పగలను, ఎందుకంటే ఆ రోజు ఒక్కొక్కరి ముఖం చూస్తూ లెక్కపెట్టుకున్నాను. అప్పుడు నాకు పందొమ్మిదేళ్ళు. నేను ఎవరి సొమ్మూ కాజేయలేదు. అసలు అది సొమ్మే కాదు, పాత క్యాలెండరు కాగితాలు కత్తిరించి రబ్బరు ముద్ర కొట్టిన ఆట రూపాయలు. అయితే ఆ ఆట రూపాయల వెనక ఒక నిజమైన ఉద్యోగం ఉంది. గొడవంతా దానికోసమే.

అణాలు పోయి నయాపైసలు వచ్చిన కొత్తలు అవి. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు పోయి ఎంతోకాలం కాలేదు. మాది జమ్మలమడుగులో నేతవాళ్ళ వీధి. నాయన మగ్గం నేసేవాడు, అమ్మా నేనూ రాట్నం మీద కండెలు చుట్టేవాళ్ళం. ఎస్సెల్సీ ప్యాసైనాక కూడా నేను కండెలే చుట్టాను. మా వీధిలో ఆ పరీక్ష గట్టెక్కిన ఆడపిల్లను నేనొక్కదాన్నే, గట్టెక్కి ఏం చేయాలో మాత్రం ఎవరికీ తెలియదు. అలాంటప్పుడు మా బడి వరండాలో వారానికొకసారి టైపు, జమాఖర్చులు నేర్పుతారని బోర్డు కట్టారు. చేరతానని మొండికేశాను. మా పెదనాయన, ఊరిదంతా ఒక దారైతే ఉలిపికట్టెది ఇంకో దారి అని నాలుగిళ్ళకు వినబడేటట్టు అన్నాడు. నాయన ఒక్క టర్ము ఫీజు మాత్రం కడతానని, ఆ లోపల ఏదైనా ఉద్యోగం వస్తే సరి, రాకపోతే మళ్ళీ రాట్నం ముందు కూర్చోవాల్సిందేనని చెప్పాడు. ఆయన మాట కఠినం కాదు. ఆయన దగ్గర ఉన్నదే ఒక టర్ముకు సరిపడా డబ్బు.

నేర్పేది ఒకే మాస్టరు. ముప్పై ఏళ్ళు మద్రాసులో ఏదో బ్యాంకులో పనిచేసి, పించను పుచ్చుకుని మా వైపు వచ్చాడు. శనివారం ప్రొద్దుటూరు, ఆదివారం జమ్మలమడుగు, సోమవారం పులివెందుల. మనిషి మంచివాడే. ఇస్త్రీ చొక్కా, చేతిలో గొడుగు, మాట మెత్తన. అందరూ మెచ్చుకునే మనిషిగా ఉండాలని ఆయనకు పెద్ద కోరిక. ఆ కోరిక ఉన్నవాళ్ళు నిజం ముందు ఎంత తొందరగా కూలబడతారో ఆయన్ని చూసే తెలుసుకున్నాను.

జమాఖర్చుల పాఠం అయిపోయాక ఆయనే ఆ ఆట పెట్టాడు. ప్రభుత్వం అప్పు తీసుకుంటే కాగితం రాసిస్తుంది, దాన్నే బాండు అంటారు. ఆ కాగితం దగ్గర పెట్టుకున్నవాళ్ళకు ఏటేటా వడ్డీ, గడువు తీరాక అసలు వస్తాయి. అందాకా దాన్ని ఎవరికైనా అమ్ముకోవచ్చు, కొనుక్కోవచ్చు. ధర మాత్రం ప్రభుత్వం చెప్పదు, కొనేవాళ్ళూ అమ్మేవాళ్ళూ తేల్చుకోవాలి. ఇదీ ఆట. ఒక్కొక్కరికి వెయ్యి ఆట రూపాయలు ఇచ్చాడు. వంద రూపాయల కాగితాలు తనే చేత్తో రాసి మూడు ఊళ్ళలోనూ అమ్మకానికి పెట్టాడు. ఏ ఊరి బోర్డు ఆ ఊరిదే. ఎవరు ఎంతకు కొన్నారో ఆ ఆఖరి ధరను సుద్దముక్కతో బోర్డు మీద రాసేది మాస్టరే. ఏ ఊరి విద్యార్థి అయినా ఏ ఊళ్ళోనైనా కొనొచ్చు, అమ్మొచ్చు, మనిషి మాత్రం అక్కడ ఉండాలి అన్నాడు. ఆ నియమం ఎవరి చెవికీ ఎక్కలేదు. క్యాలెండరు కాగితాల కోసం బస్సు చార్జీ పెట్టుకుని పక్క ఊరికి పోయే పిచ్చివాడు ఎవడుంటాడు?

మొదటిరోజే ఇంకో మాట కూడా చెప్పాడు. ప్రొద్దుటూరులో కొత్తగా ఒక సహకార బ్యాంకు తెరుస్తున్నారు, దాని ప్రెసిడెంటు లెక్కలు తెలిసిన గుమాస్తాను ఒకరిని పంపమని అడిగాడు, టర్ము చివర ఎవరి దగ్గర ఎక్కువ ఆట డబ్బు ఉంటే వాళ్ళకే సిఫారసు ఉత్తరం ఇస్తాను అని. ఆ మాట మాత్రం నా చెవికి బాగా ఎక్కింది. ఆ ఉత్తరం వస్తే ఉద్యోగం, రాకపోతే కండెలు. టర్మంతా నాకు అదే ధ్యాస.

పాఠం మొదట్లో నాకూ మింగుడు పడలేదు. మొదటి కాగితం ఏడాదికి మూడు రూపాయలు ఇచ్చేది. మూడోవారం మాస్టరు వచ్చి, ఇవాళ ప్రభుత్వం ఏడాదికి నాలుగు రూపాయలిచ్చే కాగితం తెచ్చింది, ఇప్పుడు మీ పాత కాగితం ధర ఎంత అని అడిగాడు. వంద అన్నాం అందరం. కాదు, తగ్గుతుంది అన్నాడాయన. వడ్డీ పెరిగితే కాగితం ధర తగ్గడమేమిటో నాకు అర్థం కాలేదు. వడ్డీ పెరిగితే మంచిదే కదా. ఇంటికి వచ్చి కండె చుడుతూ అదే మాట గొణుక్కుంటూ ఉంటే, చదువురాని మా అమ్మ రాట్నం ఆపి విన్నది. మేము ఏటా ఒక చింతచెట్టు కాపును గుత్తకు తీసుకునేవాళ్ళం. అమ్మ తేల్చేసింది.

"మూడు బుట్టలు కాసే చెట్టుకు ఇంత అని గుత్త కట్టినావు. అంతే గుత్తకు పక్క చెట్టు నాలుగు బుట్టలు కాస్తాంటే నీ చెట్టును అదే రేటుకు ఎవురు పట్టుకుంటారే? తగ్గించి అడుగుతారు. ఇంత దానికి సదువేంది?"

అంతే. మద్రాసు బ్యాంకు మాస్టరు మూడు ఆదివారాలు చెప్పినది మా అమ్మ ఒక కండె చుట్టేలోపల చెప్పింది. కాగితం అంటే అది కాయబోయే బుట్టలు, పక్కచెట్టును చూసి దాని ధర కట్టాలి. ఆ తర్వాత బాండు అన్న మాట వింటే నాకు ఎప్పుడూ భయం వేయలేదు.

నాకు ఇంకో వసతి కూడా ఉండేది, అది వసతి అని అప్పటిదాకా నేనే అనుకోలేదు. నాయన శనివారం ప్రొద్దుటూరులో సావుకారుకు బట్ట అప్పగించి నూలు తెచ్చుకునేవాడు. సోమవారం ముద్దనూరు మీదుగా బస్సులో పులివెందులకు పోయి, సొంతంగా నేసిన నాలుగు ముతక చీరలు బస్టాండు పక్కన పరిచి అమ్ముకునేవాడు. ప్రొద్దుటూరులో ఆరు రూపాయలకు అడిగే చీర పులివెందులలో ఎనిమిదికి పోయేది. మూట మోయడానికి రెండుచోట్లకూ నేను తోడు పోయేదాన్ని. నాయన బట్ట లెక్క చూసుకునేలోపల నేను ప్రొద్దుటూరు తరగతి జరిగే మేడమెట్లు ఎక్కి వాళ్ళ బోర్డు చూసేదాన్ని. సోమవారం పులివెందుల బోర్డు చూసేదాన్ని. అలా మూడు బోర్డులూ చూసేది మాస్టరు కాక నేనొక్కదాన్నే. ఒకే కాగితం మూడు ఊళ్ళలో మూడు ధరలకు ఉంటే ఈడ కొని ఆడ అమ్మడాన్ని ఆర్బిట్రేజ్ అంటారని మాస్టరు ఒకరోజు గొప్పగా చెప్పాడు. మా నాయన చీరల మూటకు అంత పెద్ద పేరుందని అప్పుడే తెలిసింది.

టర్ము ఇంకా నాలుగు వారాలు ఉందనగా మాస్టరు ఆఖరి కాగితం దించాడు. దాని మీద ఇంతే రాసి ఉంది: వంద రూపాయలు, నూటికి ఒకటిన్నర వడ్డీ, రెండేళ్ళ గడువు.

నేను దాన్ని మొదట ప్రొద్దుటూరు మేడమీద చూశాను. చూడగానే గుండె ఎగిరింది. మా ఇంట్లో, మా వీధిలో, ఆ మాటకొస్తే మా జిల్లా అంతటా వడ్డీ అంటే నెలకే. రూపాయి వడ్డీ అంటే నూటికి నెలకొక రూపాయి. ఒకటిన్నర అంటే ఏడాదికి పద్దెనిమిది రూపాయలు. నాయన నూలుకోసం తెచ్చిన అప్పు కూడా ఒకటిన్నరే. అంత వడ్డీ ఇచ్చే కాగితం దొరికితే ఇంకేం కావాలి? కానీ ప్రొద్దుటూరు వాళ్ళు దాన్ని తొంభై అయిదుకు మించి అడగడం లేదు. వాళ్ళు వెర్రివాళ్ళు కారు, చాలామంది వ్యాపారుల పిల్లలు. ఎక్కడో తేడా ఉందని తోచి, లేచి నిలబడి, ఈ వడ్డీ నెలకా, ఏడాదికా అని మాస్టరును అడిగాను.

గదంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వినవాడు ముందు బెంచీలో కూర్చునే పత్తి వ్యాపారి కొడుకు. వాళ్ళ ఇనప్పెట్టెలో నిజమైన ప్రభుత్వ కాగితాలే ఉన్నాయి, అతను పుట్టినప్పటినుంచీ వాటిని చూస్తున్నాడు. మగ్గం గుంతలోనుంచి లేచొస్తే ఇట్లే ఉంటుంది అన్నాడు పక్కవాడితో, నాకు వినబడాలనే. మాస్టరు కూడా ముసిముసిగా నవ్వి, ప్రభుత్వ కాగితానికి నెల వడ్డీ ఉండదమ్మా, ఎప్పుడూ ఏడాదికే అని చెప్పాడు. నా చెవులు వేడెక్కాయి. అయినా లెక్క వేసుకుంటూనే మెట్లు దిగాను. ఏడాదికి నాలుగిచ్చే కాగితం రెండేళ్ళలో ఎనిమిది ఇస్తుంది, ఇది మూడే ఇస్తుంది. అయిదు తక్కువ. కాబట్టి తొంభై అయిదు. ప్రొద్దుటూరు ధర సరైనదే.

ఆదివారం మా ఊరి బోర్డు మీద కూడా తొంభై అయిదే. సోమవారం పులివెందులలో బోర్డు చూసి ఆగిపోయాను. అదే కాగితానికి నూటయిరవై.

అక్కడి తరగతిలో తొమ్మిది మంది, అందరూ మెట్టసేద్యం చేసే ఇళ్ళ పిల్లలు. వాళ్ళకు పెద్ద ఒక శెనక్కాయల రైతు కొడుకు, బాగా ఎత్తరి, మాట పెళుసు. వీళ్ళెవరూ వడ్డీ నెలకా ఏడాదికా అని అడగలేదు. ఎందుకు అడుగుతారు? నీళ్ళు పల్లానికి పోతాయా మెరకకు పోతాయా అని ఎవరైనా అడుగుతారా? అప్పు తెచ్చుకునే ఇంట్లో పుట్టినవాడికి వడ్డీ నెలకే. మాస్టరుకేమో ముప్పై ఏళ్ళ బ్యాంకు ఉద్యోగంలో వడ్డీ అంటే ఏడాదికే, వేరే అర్థం ఉందన్న సంగతే మరిచిపోయాడు. ఆ రైతు కొడుకు వేళ్ళమీద లెక్క చెప్పాడు నాకు. రెండేళ్ళకు ముప్పై ఆరు వస్తుంది, ఏడాదికి నాలుగిచ్చే కాగితానికి వచ్చేది ఎనిమిదే, ఇరవై ఎనిమిది ఎక్కువ, కాబట్టి నూటయిరవై ఎనిమిది లోపల ఎంతకు కొన్నా లాభమే. లెక్క తప్పు లేదు. తప్పంతా ఆ ఒక్క మాటలో ఉంది. తొమ్మిది మందీ చేతిలో ఉన్న ఆట డబ్బులో సగానికి పైగా పెట్టి ఆ కాగితాలే కొనేశారు.

అప్పటికి నా దగ్గర ఆ కాగితం ఒక్కటి కూడా లేదు. ఈ సంగతి ఎవరు మరిచిపోయినా నేను మరిచిపోను. నాకు దాంతో నయాపైస లాభం లేని పూట నేను ఆ రైతు కొడుకుతో చెప్పాను, అది తొంభై అయిదుకు మించి చెయ్యదన్నా, వడ్డీ ఏడాదికి అని. అతను నవ్వాడు. ఏడాదికి ఒకటిన్నర వడ్డీకి అప్పిచ్చే ధర్మాత్ముడు యాడున్నాడో చూపిస్తే తను పోయి నాలుగు బావులు తవ్విస్తానన్నాడు. అందరూ నవ్వారు. మాస్టరు బల్ల దగ్గరే ఉన్నాడు. విన్నాడు. ధర దానంతటదే తేలాలి, నేను కల్పించుకోకూడదు అన్నట్టు కళ్ళజోడు తుడుచుకున్నాడు.

రెండు రోజుల తేడాలో రెండు ఊళ్ళలో నవ్వులపాలయ్యాను. ఒకచోట తెలియక అడిగినందుకు, ఇంకోచోట తెలిసి చెప్పినందుకు. ముద్దనూరు దాకా ఉడికిపోతూనే ఉన్నాను. ముద్దనూరు దాటాక నవ్వొచ్చింది. నాయన ఏమ్మా అంటే ఏమీ లేదన్నాను.

తర్వాతి శనివారం ప్రొద్దుటూరులో పది కాగితాలు తొంభై అయిదు చొప్పున కొన్నాను. తొమ్మిది వందల యాభై పోయింది, చేతిలో యాభై మిగిలింది. పత్తి వ్యాపారి కొడుకే నాకు ఆరు అమ్మాడు, నెలవడ్డీ అమ్మాయి వచ్చిందిరా అంటూ. సోమవారం పులివెందులలో అమ్మకానికి పెట్టాను. అంత మంచి కాగితాన్ని ఎందుకు అమ్ముకుంటున్నావని రైతు కొడుకు అడిగాడు. ఇది తొంభై అయిదు కాగితమని ఆ పొద్దే చెప్పినా కదా, ఈ పొద్దూ అదే చెప్తాండా అన్నాను. మళ్ళీ నవ్వారు. నాలుగు నూటయిరవైకి కొన్నారు, నాలుగు నూటపదిహేడుకు, చివరి రెండు నూటపదిహేనుకు. మూడు ధరలూ మాస్టరే బోర్డు మీద రాశాడు.

వాళ్ళమీద జాలి కలగలేదని చెప్పను. ఆ ఎత్తరి మనిషి ఆట రూపాయలు లెక్కపెట్టి ఇస్తున్నప్పుడు ఒకసారి చెయ్యి చాచడానికి వెనకాడాను. కానీ రెండుసార్లు నిజం చెప్పి రెండుసార్లు నవ్వించుకున్న మనిషి ఇంకెన్నిసార్లు చెప్పాలి? గంట కట్టుకుని తిరగాలా?

మూడో శనివారం ప్రొద్దుటూరు ధర తొంభై ఏడయింది, నేను కొనడం వల్లే. పన్నెండు కొన్నాను. పులివెందులలో ధర నూటపదికి దిగింది, వాళ్ళ దగ్గర డబ్బు అడుగంటడం వల్ల. ఆరు నూటపదికి, ఆరు నూటారుకు అమ్మాను. నేను ఒక్కోసారి బస్సెక్కేకొద్దీ ఆ రెండు ఊళ్ళ ధరలు ఒకదానివైపు ఒకటి నడుస్తున్నాయి. అది చూసి నాకు కలిగిన సంతోషం లాభం చూసి కూడా కలగలేదు. చివరకు నా దగ్గర పదమూడు వందల అరవై ఆట రూపాయలు ఉన్నాయి. రెండో స్థానం పత్తి వ్యాపారి కొడుకుది, పదకొండు వందల పది.

ఆఖరి సోమవారం, ఆట లెక్కలో ఆరునెలలు గడిచాయని చెప్పి, మాస్టరు ఆ వడ్డీ పంచాడు. పులివెందుల వాళ్ళు కాగితానికి తొమ్మిది రూపాయలు వస్తాయని చేతులు చాచారు. డెబ్భై అయిదు నయాపైసలు పెట్టాడు. మిగతాది ఏది సార్ అని రైతు కొడుకు అడిగాడు. అంతే, ఏడాది వడ్డీ కదా అన్నాడు మాస్టరు.  రైతు కొడుకు అరచేతిలోని క్యాలెండరు ముక్క వైపు చూసి, నా వైపు చూసి, బయటికి వెళ్ళిపోయాడు. 

తర్వాతి శనివారం మూడు ఊళ్ళవాళ్ళనూ ప్రొద్దుటూరు మేడమీదికి పిలిచాడు మాస్టరు. ఎవరి ఆట డబ్బు వాళ్ళు లెక్కపెట్టి చెప్పాం. నా అంకె వినగానే పత్తి వ్యాపారి కొడుకు లేచాడు. అవతలివాళ్ళకు తెలియదని తెలిసి అమ్మడం మోసమని, ఇది విద్య కాదు దళారీతనమని, మోసగత్తెకు బ్యాంకు తాళాలు ఇస్తారా అని అడిగాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు. ఆ ఉద్యోగం అతనికి అక్కర్లేదు, అతనికి వాళ్ళ నాయన గద్దె ఉంది. కావలసింది గెలుపు. అతని వెనక ఇంకో పదిమంది మోసగత్తె, మోసగత్తె అన్నారు. మాస్టరు నుదురు తుడుచుకుని, అందరికీ న్యాయంగా ఉండాలి కాబట్టి నా పులివెందుల లాభం తీసేసి లెక్క కడదామన్నాడు. తీసేస్తే నాకు మిగిలేది మొదట ఇచ్చిన వెయ్యే. అంటే కండెలు.

లేచి నిలబడ్డాను. 

"సార్, నూటయిరవై అని బోర్డు మీద రాసింది మీ చెయ్యే. అది తప్పని మీకూ తెలుసు. మీరు వాళ్ళకు చెప్పలే. నేను చెప్పినా. ఇంగ మోసం యాడుంది?"

 తెలిసి అమ్మితే మోసమే అన్నాడు మళ్ళీ పత్తి వ్యాపారి కొడుకు. నేను అతని వైపు తిరిగాను.

"బొంబాయిలో పత్తి ధర పెరిగిందని మీ నాయనకు పొద్దున తంతి వస్తాది. సాయంత్రం దాకా రైతు దగ్గర పాత ధరకే కొంటాడు. పెరిగిందప్పా అని ఏ రైతుకైనా చెప్పినాడా? నేనైనా చెప్పినా."

 అన్నాను గానీ, ఆ రోజు విన్న మాస్టరు నోరు విప్పేటట్టు లేడు, నాకు వేరే సాక్ష్యం లేదు. ఉన్న సాక్ష్యం గోడకు ఆనుకుని చేతులు కట్టుకుని నిలబడిన ఆ తొమ్మిది మందే. వడ్డీ పంచిన రోజునుంచి వాళ్ళలో ఎవరూ నా ముఖం చూడలేదు. శెనక్కాయల రైతు కొడుకు గోడ వదిలి ముందుకు వచ్చాడు.

"ఆ యమ్మి రెండు తూర్లు చెప్పినాది. మేమే నగినాం. పోయింది మాది. మాకు లేని నొప్పి మీకేందప్పా?"

మాస్టరు అతన్ని కూర్చోమన్నాడు. అతను కూర్చోలేదు. మోసగత్తె అన్న మాట వెనక్కి తీసుకుంటావా అని పత్తి వ్యాపారి కొడుకును అడిగాడు. అతను తీసుకోలేదు, మెట్లు దిగి వెళ్ళిపోయాడు. మిగిలినవాళ్ళు ఆ రోజంతా నా వైపు చూడలేదు. సరే, చూడకపోతే పోయారు. మాస్టరు నా అంకె పక్కన టిక్కు పెట్టాడు.

అందరూ వెళ్ళాక ఉత్తరం రాశాడు. ప్రెసిడెంటుకు ఇంగ్లీషు రాదని తెలుగులోనే, చేత్తోనే రాశాడు. చదువుకొమ్మని నాకే ఇచ్చాడు. మూడో వరుసలో ఉంది: ఈమె ఆడపిల్ల అయినా లెక్కలలో మిక్కిలి చురుకైనది. మంచి మనసుతోనే రాశాడని నాకు తెలుసు. అయినా ఆ మాట దగ్గర నా కన్ను ఆగిపోయింది. మూడు నెలలుగా కాగితం మీద రాసిన ఒక్క మాట దాని ధరను ఎంత మారుస్తుందో చూసినదాన్ని.

ఈ 'ఆడపిల్ల అయినా' అన్నది తీసేయండి సార్ అన్నాను. మెచ్చుకోలుగానే రాశానమ్మా అన్నాడు. మెచ్చుకోలే కావచ్చు, దాన్ని చూసి జీతం కోస్తారు అన్నాను. కొట్టేస్తే ఉత్తరం బాగుండదు, మళ్ళీ రాయడానికి ఓపిక లేదన్నాడు. ఓపిక నాకుంది. ఆయన బల్ల మీది కాగితమే తీసుకుని, ఆయన సిరాతోనే, ఆ మాట ఒక్కటి వదిలేసి మిగతాదంతా పొల్లు పోకుండా తిరగరాసి ఆయన ముందు పెట్టాను. ఆయన రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టి చదివాడు. నేను నిలబడే ఉన్నాను. సంతకం పెట్టాడు.

బ్యాంకు ప్రెసిడెంటు పెద్ద భూస్వామి, లావుపాటి మనిషి. నేను నాయనతో పోయాను, నాయన గుమ్మం బయటే ఆగిపోయాడు. ప్రెసిడెంటు ఉత్తరం చదివి, నన్ను ఎగాదిగా చూసి, పని ఇస్తానన్నాడు. అయితే గుమాస్తాకు అనుకున్న జీతం మగవాళ్ళ మాట, ఆడపిల్లకు కాస్త తగ్గించి ఇస్తామన్నాడు.

"ఆ ఉత్తరంలో ఆడపిల్ల అన్న మాట యాడుందో చూపియ్యండి సార్," అన్నాను.

ఆయన మళ్ళీ మొదటినుంచి చదివాడు. కాగితం వెనక్కి తిప్పి కూడా చూశాడు. తర్వాత రిజిస్టరు దగ్గరికి లాక్కుని, జీతం గడిలో గుమాస్తాకు అనుకున్న అంకే రాసి, సోమవారం నుంచి రమ్మన్నాడు.